రోజూ ఆకుకూరలు, పూర్తిగా మొక్కల ఆహారం: లాభం ఎంత, జాగ్రత్త ఎక్కడ

మీరు అడిగింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్తాను. వయసు 46. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. బీపీ 138/88, ఇంకా మందు మొదలుపెట్టలేదు. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. మాంసం, చేపలు, గుడ్లు, పాలు అన్నీ మానేసి మొక్కల నుంచి వచ్చేవే తినాలని, అందులోనూ ఆకుకూరలు బాగా ఉండాలని అనుకుంటున్నారు. దీనివల్ల నిజంగా లాభం ఎంత? ఐరన్‌కీ, కాల్షియంకీ ఆకుకూరలు చాలా? రక్తం పలచబడే మందు వాడుతున్న మీ అమ్మగారు కూడా తినొచ్చా? పొద్దున్నే పరగడుపున పచ్చి పాలకూర జ్యూస్ తాగాలా? ఇవీ మీ ప్రశ్నలు.

నేను ఇరవై రెండేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మొదట్లో వచ్చినవాళ్లందరికీ "ఆకుకూరలు బాగా తినండి" అని ఒకే మాట రాసిచ్చేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆకుకూరల గురించి అడిగితే ముందు నేనే రెండు ప్రశ్నలు వేస్తాను. దేని బదులు తింటున్నారు? దేనితో కలిపి తింటున్నారు? ఆకు చేసే మేలు చాలావరకు ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. కింద రాసిందంతా చదివితే ఎందుకంటున్నానో మీకే తెలుస్తుంది.

బీపీతో మొదలుపెడతాను, ఎందుకంటే మీకు తొందరగా ఫలితం కనిపించేది అక్కడే. 1997లో అమెరికాలో డాష్ అనే ప్రయోగం ఫలితాలు వచ్చాయి. 459 మందికి ఎనిమిది వారాల పాటు భోజనం వాళ్లే వండి పెట్టారు. ఉప్పు తగ్గించలేదు, బరువు తగ్గనివ్వలేదు. మారింది తిండి రకం ఒక్కటే. పళ్లూ కూరగాయలూ మాత్రం పెంచినవాళ్లలో పై అంకె సగటున 2.8 తగ్గింది. వాటితోపాటు వెన్న తీసిన పాలు, పెరుగు ఇచ్చి, మొత్తం కొవ్వు కూడా తగ్గించినవాళ్లలో 5.5 తగ్గింది. అప్పటికే బీపీ ఉన్నవాళ్లను విడిగా చూస్తే ఈ రెండో రకం భోజనంతో 11.4 తగ్గింది. అది ఒక బీపీ మాత్ర చేసే పనికి దగ్గర. రెండు వారాలకే తేడా తెలిసింది. గమనించారా, బాగా పనిచేసిన ఆ భోజనంలో పాలు, పెరుగు ఉన్నాయి. పాలు మానకూడదని నేననడం లేదు. కానీ "డాష్‌లో బీపీ తగ్గింది కాబట్టి వీగన్ (పాలు కూడా ముట్టకుండా మొక్కల ఆహారమే తినేవాళ్లు) అయిపోతే తగ్గుతుంది" అని ఎవరైనా చెప్తే, ఆ ప్రయోగం చెప్పింది అది కాదు.

ఆకుకూరలకు బీపీ విషయంలో ఇంకో దారి కూడా ఉంది. నాకు బాగా ఇష్టమైన కథ ఇది, కొంచెం ఓపికగా చదవండి. పాలకూర లాంటి ఆకుల్లో నైట్రేట్ ఎక్కువ. మొక్క నేలలోంచి తీసుకున్న నైట్రేట్‌ను ఆకుల్లో, కాడల్లో దాచుకుంటుంది. మనం తిన్నాక అది రక్తంలోకి వెళ్తుంది. లాలాజల గ్రంథులు రక్తంలోంచి దాన్ని లాగి మళ్లీ నోట్లోకి వదులుతాయి. నాలుక వెనక భాగంలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అది మింగాక ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. రక్తనాళాల గోడల్లోని కండరాన్ని వదులు చేసే వాయువు అదే. రక్తనాళాల్లో దాని పాత్ర కనిపెట్టినందుకే 1998లో వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అంటే ఈ పని జరగాలంటే నోట్లో ఆ బ్యాక్టీరియా ఉండాలి. బ్యాక్టీరియాను చంపే మౌత్‌వాష్ రోజూ రెండుపూటలా వాడేవాళ్లలో ఈ గొలుసు మధ్యలోనే తెగిపోతుంది. డెంటిస్ట్ ఏదైనా కారణంతో రాసిస్తే తప్ప రోజూ వాడాల్సిన పని లేదని నేను చెప్తుంటాను. ఆకుకూరల గురించి మాట్లాడుతూ మౌత్‌వాష్ సంగతి ఎందుకు ఎత్తుతున్నానా అని చాలామంది నన్ను వింతగా చూస్తారు.

ఆకుల్లో పొటాషియం, మెగ్నీషియం కూడా ఉంటాయి, అవీ సాయం చేస్తాయి. మీరు ఉప్పు కూడా తగ్గిస్తే ఇంకా మంచిది. అయితే డాక్టరు మందు రాస్తే "ముందు ఆకుకూరలు తిని చూస్తాను" అని మీ అంతట మీరు వాయిదా వేయకండి. ఇంట్లో మిషన్ పెట్టుకుని రెండు వారాలు పొద్దున, సాయంత్రం చూసి, ఆ కాగితం పట్టుకెళ్లి ఆయనతోనే మాట్లాడండి.

ఇక షుగరు. 6.1 అంటే ప్రీడయాబెటిస్, షుగరు వ్యాధికి ముందు దశ. ఈ దశలో అన్నిటికంటే గట్టిగా పనిచేసేది బరువు తగ్గడం. 2002లో వచ్చిన అమెరికా డయాబెటిస్ నివారణ పరిశోధనలో శరీర బరువులో 7 శాతం తగ్గాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని లక్ష్యం పెట్టారు. అలా చేసినవాళ్లలో షుగరు వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. వాళ్లు మాంసం మానలేదు, తక్కువ తిన్నారు, నడిచారు.

మరి ఆకుకూరలు ఇక్కడేం చేస్తాయి? చోటు ఆక్రమిస్తాయి. వంద గ్రాముల పాలకూరలో ఉన్నది 23 కేలరీలు, మిగతాదంతా దాదాపు నీళ్లే. పళ్లెంలో, పొట్టలో చోటు నింపి, ఆ మేరకు అన్నమో రొట్టో తగ్గేలా చేస్తాయి. 2021లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో ఇరవై మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచుకుని, రెండు వారాలు కొవ్వు తక్కువున్న మొక్కల ఆహారం, రెండు వారాలు పిండిపదార్థం బాగా తగ్గించిన మాంసాహారం పెట్టారు. కడుపు నిండా ఎంతైనా తినొచ్చన్నారు. మొక్కల ఆహారం మీద ఉన్నప్పుడు రోజుకు సుమారు 690 కేలరీలు తక్కువ తిన్నారు. ఆకలేసిందని కూడా అనలేదు. ఇంతవరకూ మీకు నచ్చే మాట. నచ్చని మాట కూడా చెప్పాలి కదా: భోజనం తర్వాత షుగరు ఎక్కువగా పెరిగింది కూడా ఆ మొక్కల ఆహారంతోనే. మీ షుగరు సరిహద్దులో ఉంది కాబట్టి, మాంసం తీసేసిన చోట అన్నం, బంగాళాదుంప, బ్రెడ్డు వచ్చి కూర్చోకుండా చూసుకోవాలి. అక్కడ రావాల్సింది పప్పులు, శనగలు, సోయా, గింజలు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. చిప్స్ మొక్కల నుంచి వచ్చిందే. కూల్‌డ్రింకులో చక్కెర మొక్కదే. మైదా బిస్కెట్టు కూడా అంతే. అమెరికాలో రెండు లక్షల మందికి పైగా నర్సులు, వైద్య సిబ్బంది ఆహారాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి 2017లో ఒక లెక్క వేశారు. ముడిధాన్యాలు, కూరగాయలు, పళ్లు, పప్పులు, గింజలతో నిండిన మొక్కల ఆహారం బాగా పాటించినవాళ్లలో గుండెజబ్బు ముప్పు 25 శాతం తక్కువ. తీపి పానీయాలు, తెల్లపిండి, స్వీట్లతో నిండిన మొక్కల ఆహారం తిన్నవాళ్లలో 32 శాతం ఎక్కువ. రెండూ మొక్కల ఆహారమే! మాంసం మానేశానన్న ధీమాతో సాయంత్రం నాలుగు బిస్కెట్లు ఎక్కువ తినేవాళ్లను నేను లెక్కలేనంత మందిని చూశాను. మిమ్మల్ని అనడం లేదు లెండి.

పీచు గురించి ఒక చిన్న అపోహ. ఆకుకూర అంటే పీచు అనుకుంటారు. వంద గ్రాముల పాలకూరలో పీచు రెండు గ్రాముల పైచిలుకు, అంతే. ఉడికించిన శనగలు అంతే బరువు తీసుకుంటే ఏడు గ్రాముల పైన ఉంటుంది. రోజుకు కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది ఆకులతోనే సంపాదించాలంటే రోజూ కిలో తినాలి. కాబట్టి పీచు బాధ్యత పప్పులకు, ముడిధాన్యాలకు అప్పగించండి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరంతో మూడో రోజే విసుగొచ్చి మానేస్తారు, మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. నీళ్లు తాగండి.

ఐరన్‌కి ఆకుకూరలు సరిపోతాయా అని అడిగారు. ఒక్కటే చాలవు. వంద గ్రాముల పాలకూరలో 2.7 మిల్లీగ్రాముల ఐరన్ ఉంది. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. కానీ మొక్కల్లో ఉండే ఐరన్ మాంసంలోని ఐరన్ అంత తేలిగ్గా పేగుల్లోంచి లోపలికి వెళ్లదు. పాలకూరలో దాన్ని పట్టి ఉంచే పదార్థాలు కూడా ఉన్నాయి. (ఎవరో శాస్త్రవేత్త దశాంశ బిందువు తప్పు పెట్టడం వల్ల పాలకూరలో ఐరన్ పదింతలు కనిపించిందనే కథ మీరూ వినే ఉంటారు. ఆ కథకే ఆధారం లేదని తర్వాత తేలింది. తప్పు గురించిన కథే తప్పు.) దీనికి విరుగుడు తేలిక. అదే భోజనంలో విటమిన్ సీ ఉండాలి. పొయ్యి మీంచి దించాక నిమ్మరసం పిండండి, లేదా పక్కన టమాటా, క్యాప్సికమ్, జామ, నారింజ ఏదో ఒకటి పెట్టుకోండి. సీ విటమిన్ ఐరన్‌ను పేగులు పీల్చుకునే రూపంలో ఉంచుతుంది. టీ, కాఫీ సరిగ్గా దీనికి ఉల్టా. భోజనం అవగానే టీ తాగే అలవాటుంటే గంట, గంటన్నర ఆగండి. నేను చూసినవాళ్లలో ఈ ఒక్క మార్పుతోనే ఐరన్ నిల్వలు మెరుగుపడ్డవాళ్లు ఉన్నారు. నెలసరిలో రక్తం ఎక్కువ పోయేవాళ్లకు మాత్రం ఇది సరిపోకపోవచ్చు, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోవాలి.

కాల్షియం సంగతి ఇంకా విచిత్రం. పాలకూరలో వంద గ్రాములకు 99 మిల్లీగ్రాములు ఉంది, కానీ అందులో ఆక్సలేట్ కూడా బోలెడుంది. అది కాల్షియంను గట్టిగా పట్టుకుని వదలదు. కొలిచి చూస్తే పాలకూర కాల్షియంలో ఒంటికి పట్టింది 5 శాతం. పాల నుంచి 27 శాతం దాకా. కాలే అనే క్యాబేజీ జాతి ఆకు నుంచి 40 శాతం దాకా! అంటే అన్ని ఆకులూ ఒకటి కాదు. పాలకూర, తోటకూర, బీట్‌రూట్ ఆకు ఆక్సలేట్ ఎక్కువున్న జట్టు. కాలే, బ్రోకలీ, ఆవాకు, క్యాబేజీ తక్కువున్న జట్టు. పాలు మానేస్తానంటున్నారు కాబట్టి మీకు ఈ రెండో జట్టే ముఖ్యం. దాంతోపాటు కాల్షియం ఉప్పుతో గడ్డకట్టించిన టోఫు, కాల్షియం కలిపిన సోయాపాలు, నువ్వులు చూసుకోండి. సోయాపాల డబ్బా మీద కాల్షియం కలిపినట్టు రాసి ఉందో లేదో చదవాలి, అన్నిట్లోనూ కలపరు. తాగేముందు బాగా కుదపండి, కాల్షియం అడుగున పేరుకుంటుంది.

ఎముకల మాట వచ్చింది కాబట్టి ఒక చేదు నిజం కూడా చెప్పేస్తాను. బ్రిటన్‌లో యాభై వేల మందికి పైగా ఉన్న ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ పరిశోధనలో శాకాహారులకు గుండెకు రక్తం అందని జబ్బు 22 శాతం తక్కువ వచ్చింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అదే పరిశోధనలో పక్షవాతం 20 శాతం ఎక్కువ కనిపించింది. 2020లో వచ్చిన మరో ఫలితం ప్రకారం పాలు కూడా ముట్టని వీగన్లలో తుంటి ఎముక విరగడం మాంసాహారుల కంటే 2.3 రెట్లు. ఇవి మనుషులను గమనించి వేసిన లెక్కలు, కారణం ఇదేనని తేల్చేవి కావు. అయినా కాల్షియం, ప్రొటీన్ తక్కువ కావడం, బరువు మరీ తక్కువుండడం కొంత కారణమని అనుమానం. భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రతి భోజనంలోనూ పప్పో, సోయానో, శనగో ఒక పెద్ద గరిటెడు ఉండాలని, వారానికి రెండుసార్లయినా బరువులెత్తే వ్యాయామం చేయాలని చెప్పడానికి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పేరా. మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోకండి. బీ12.

కొన్నేళ్ల కిందట ఒకాయన నా దగ్గరికొచ్చారు. మూడేళ్లకు పైగా పూర్తి మొక్కల ఆహారం, రోజూ రెండుపూటలా ఆకుకూర, చక్కెర లేదు, నూనె తక్కువ. బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ ముచ్చటగా ఉన్నాయి. అరికాళ్లలో సూదులు గుచ్చినట్టుంటోందని, చీకట్లో నడిస్తే తూలుతున్నానని వచ్చారు. అంతకుముందు ఒకచోట రక్తపరీక్ష చేసి "హిమోగ్లోబిన్ బ్రహ్మాండంగా ఉంది, రక్తకణాలు మామూలుగానే ఉన్నాయి, ఇది వయసు వల్ల" అని పంపించేశారట. బీ12 చూడలేదు. చూస్తే అడుగంటిపోయింది.

ఇది ఎలా జరుగుతుందో చెప్తాను. బీ12 లోపిస్తే మామూలుగా రక్తహీనత వస్తుంది, రక్తకణాలు పెద్దవవుతాయి, డాక్టరుకు అనుమానం వస్తుంది. ఫోలేట్ అనే ఇంకో బీ విటమిన్ బాగా అందితే ఆ రక్తహీనత పైకి కనిపించకుండా పోవచ్చు. ఫోలేట్ ఎక్కడుంటుంది? ఆకుల్లో. దాని పేరే లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చింది, 1941లో దాన్ని విడదీసింది కూడా పాలకూర నుంచే. ఫోలేట్ చాలా మంచిది, గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్లకు తప్పనిసరి. కానీ అది నరాలను కాపాడలేదు. రక్తం రిపోర్టు అందంగా ఉంటుంది, లోపల నరాల మీది పొర పాడవుతూ ఉంటుంది. ఆకుకూరలు ఎక్కువ తినే వీగన్ సరిగ్గా ఈ గోతిలో పడే మనిషి. లివర్లో బీ12 నిల్వ ఏళ్ల తరబడి వస్తుంది కాబట్టి మొదటి ఏడాది, రెండేళ్లు ఏమీ తెలియదు. "నాకేం కాలేదు, నేను మాత్ర లేకుండానే బాగున్నాను" అనేవాళ్లంతా ఆ నిల్వ మీద బతుకుతున్నవాళ్లే.

ఏ ఆకులోనూ, ఏ పప్పులోనూ నమ్మదగినంత బీ12 లేదు. స్పైరులినాలో ఉందంటారు, అది మన ఒంటికి పనికిరాని నకలు. మాత్ర వేసుకోవాల్సిందే. రోజూ అయితే కనీసం 10 మైక్రోగ్రాములు, వారానికోసారి అయితే 2000 మైక్రోగ్రాములు. రోజువారీ మోతాదుతో పోలిస్తే వారానికి అంత పెద్దదెందుకంటే, ఒక్కసారికి పేగు మామూలు దారిలో పీల్చుకోగలిగేది రెండు మైక్రోగ్రాముల లోపే. మిగిలినదాంట్లో నూటికి ఒక వంతు మాత్రం మెల్లగా జారుకుని లోపలికి వెళ్తుంది. రేపు డాక్టరు మీకు మెట్‌ఫార్మిన్ రాస్తే అది కూడా బీ12ను తగ్గిస్తుంది, అప్పుడు ఏడాదికోసారి పరీక్ష తప్పదు. అరికాళ్ల బాధతో వచ్చిన ఆయన సంగతి అడుగుతారేమో, ఇంజెక్షన్లతో తూలడం తగ్గింది. అరికాళ్ల మంట కొంత మిగిలిపోయింది.

అయొడిన్ కలిపిన ఉప్పు వాడండి, డీ విటమిన్ పరీక్ష చేయించుకోండి, రోజూ ఒక చెంచా అవిసె గింజల పొడి తినండి. ఈ మూడూ ఇంతకంటే వివరించక్కర్లేదు.

మీ అమ్మగారి విషయం. ముందు ఆ మాత్ర పేరు చూడండి. వార్ఫరిన్ అయితే ఒక సంగతి, అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మందులైతే వేరే సంగతి. కొత్తవాటికి ఆకుకూరలతో పేచీ లేదు. వార్ఫరిన్ మాత్రం విటమిన్ కే పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, ఆకుకూరలు విటమిన్ కే గనులు. వంద గ్రాముల పచ్చి పాలకూరలో 480 మైక్రోగ్రాములకు పైగా ఉంటుంది, మనిషికి రోజుకు కావాల్సింది 90 నుంచి 120.

ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో వార్ఫరిన్ వాడే ఒక పెద్దావిడకు "ఆకుకూర అసలు ముట్టకండి" అని రాసిచ్చాను. అప్పట్లో అందరం అలాగే చెప్పేవాళ్లం. ఆవిడ పాపం మానేశారు. కానీ పూర్తిగా మానడం ఎవరివల్ల అవుతుంది? ఎప్పుడో ఒక పెళ్లికో, కూతురి ఇంటికో వెళ్లినప్పుడు తినేవారు. ఒంట్లో విటమిన్ కే నిల్వ లేకపోవడంతో ఆ ఒక్క పూటకే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే పరీక్ష అంకె) కిందామీదా అయ్యేది. మోతాదు మార్చడం, మళ్లీ మార్చడం. చివరికి డాక్టరు నన్ను పిలిచి "రోజూ కొంచెం తిననివ్వమ్మా, అంతే కొలతలో" అన్నారు. ఇప్పుడందరూ చెప్పేది కూడా ఇదే: మానొద్దు, మార్చొద్దు. వారం మొత్తం మీద దాదాపు ఒకే మోతాదులో తినాలి. మీ అమ్మగారు ఇప్పుడు తక్కువ తింటూ ఉంటే మీ ఉత్సాహం చూసి ఒక్కసారిగా పెంచకూడదు. పెంచాలనుకుంటే డాక్టరుకు చెప్పి, ఐఎన్ఆర్ పరీక్ష దగ్గర దగ్గరగా చేయించుకుంటూ పెంచాలి. గడ్డకట్టే ముప్పు పెరగడం చిన్న విషయం కాదు.

పెద్దవయసు కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే ఆవిడ క్రియాటినిన్ రిపోర్టు కూడా ఒకసారి చూడండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు పొటాషియం బయటికి పోదు. దాంతోపాటు పొటాషియంను నిలబెట్టే కొన్ని బీపీ మందులు వాడుతుంటే ఆకుకూరలు మందుల షాపులో కొనే మందంత జాగ్రత్తగా తినాల్సినవి అవుతాయి. అలాంటివాళ్లకు ఆకును ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండమంటాం.

కళ్లకు మంచిదా అని మీరు అడగలేదు గానీ అది నిజమే. ఆకుల్లోని ల్యూటిన్, జియాజాంథిన్ కంటి వెనక మాక్యులా అనే చోట పోగుపడి నీలికాంతిని వడకడతాయి. ఇవీ, ఒంట్లో 'విటమిన్ ఏ'గా మారే బీటా కెరోటిన్ కూడా కొవ్వులో కరిగేవి, కాబట్టి ఒక చెంచా నూనె లేకుండా ఆవిరి మీద ఉడికించి తింటే సగం శ్రమ వృథా. అలాగని మాత్రల్లో కొనుక్కోకండి. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్లతో చేసిన ప్రయోగం ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. ఆకులో ఉన్నప్పుడు మేలు చేసేది, విడదీసి మాత్రగా చేస్తే కీడు చేసింది. అప్పటినుంచి ఆకు బదులు మాత్ర అన్న ఆలోచనంటేనే నాకు పడదు. బీ12 ఒక్కటే మినహాయింపు, ఎందుకంటే అది ఆకులో లేనే లేదు.

మెదడుకు కూడా మంచిదంటారు. 2018లో సగటు వయసు 81 ఉన్న 960 మందిని గమనించిన పరిశోధనలో, రోజుకు ఒక్కసారైనా ఆకుకూర తినేవాళ్ల జ్ఞాపకశక్తి పదకొండేళ్లు చిన్నవాళ్లతో సమానంగా ఉందని తేలింది. వార్త బాగా పాకింది. ఆకుకూరలకు పెద్దపీట వేసిన మైండ్ అనే భోజన పద్ధతిని మూడేళ్లు పాటించి చూసిన ప్రయోగంలో మాత్రం, మామూలు తిండి కొంచెం తగ్గించి తిన్నవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది 2023లో వచ్చింది. ఆ వార్త పాకలేదు.

చివరిగా జ్యూస్. తాగొద్దు. ఇంత ఖచ్చితంగా నేను ఏదీ చెప్పను, ఇది మాత్రం చెప్తాను. కూరగా వండుకుంటే ఒక పూటకు మీరు తినగలిగే పాలకూర ఒక గుప్పెడు, రెండు గుప్పెళ్లు. జ్యూసర్‌లో అయితే పెద్ద కట్టలు రెండు ఒక్క గ్లాసులో దిగిపోతాయి. ఆక్సలేట్ కూడా అంతా దిగుతుంది. పరగడుపున తాగుతారు కాబట్టి పేగులోనే దాన్ని పట్టి ఆపడానికి కాల్షియం ఉన్న తిండేదీ కడుపులో ఉండదు. నేరుగా రక్తంలోకి, కిడ్నీలోకి. కిడ్నీలో రాళ్లలో ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్ రాళ్లే. నెలల తరబడి ఇలాంటి పచ్చని జ్యూసులు తాగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్యపత్రికల్లో వచ్చాయి. మీకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ ఒకసారి రాయి వచ్చి ఉంటే ఇక ఆలోచించనే వద్దు. పైగా వడకడితే ఉన్న కాస్త పీచూ పోతుంది. నమలకుండా తాగేది కడుపు నిండిన భావన కూడా ఇవ్వదు.

పచ్చిదానికి ఇంకో సమస్య, శుభ్రత. 2006లో అమెరికాలో ప్యాకెట్ పాలకూర తిని ఈకొలై బ్యాక్టీరియాతో సుమారు రెండు వందల మంది జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. ఆకు మడతల్లో అంటుకున్నవి కడిగినంత మాత్రాన అన్నీ పోవు, వేడి తగిలితే చస్తాయి. కాడలు విడదీసి, గిన్నెలో ముంచి పైకి తీసి, ఆ మట్టినీళ్లు పారబోసి, తర్వాత ధార కింద కడగండి. పాలకూరో తోటకూరో అయితే మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి నీళ్లు వంపేస్తే ఆక్సలేట్ చాలా తగ్గుతుంది. కొంత ఫోలేట్, సీ విటమిన్ కూడా ఆ నీళ్లతో పోతాయి, పోనివ్వండి, చివర్లో పిండే నిమ్మకాయ సీని తిరిగి తెస్తుంది. క్యాబేజీ, కాలే లాంటివాటికి ఈ వంపడం అక్కర్లేదు, మూతపెట్టి సొంత తేమలో మగ్గనిస్తే చాలు.

మొదలుపెట్టే ముందు బీ12, ఫెరిటిన్, డీ విటమిన్, క్రియాటినిన్ ఒకసారి చేయించి ఆ కాగితం దాచుకోండి. హెచ్‌బీఏ1సీ మళ్లీ మూడు నెలలు నిండాకే చేయించండి, అంతకు ముందు చూస్తే పాత రోజుల సగటే ఇంకా అందులో కలిసి ఉంటుంది.